ఒంటె మెడకు వెండి రంగు

నేను చెప్పే ఎత్తుల్లోంచి పావు వంతు తీసేసి చదువుకోండి. మా ఆవిడైతే సగం తీసేస్తుంది. ఇన్నేళ్లు నాతో వేగిన మనిషి, ఆమెకు ఆ హక్కుంది. మీరు కొత్తవాళ్లు, పావు చాలు.

మా ఫ్యాక్టరీ పటాన్‌చెరు దాటి పాశమైలారం పోయే దారిలో ఉండేది. చుట్టూ మందుల కంపెనీలు. గాలి ఎటు నుంచి వీస్తోందో తెలుసుకోవడానికి మాకు జెండా అక్కర్లేదు, ముక్కు చాలు. మేం మందులు చేసేవాళ్లం కాదు, ఆ కంపెనీలకు కావాల్సిన ఇనుప ట్యాంకులు చేసేవాళ్లం. ఒక్కో ట్యాంకు లోపల పెళ్లి చేసి బంతి భోజనాలు పెట్టొచ్చు. ట్యాంకులు అంత పెద్దవి కాబట్టి షెడ్డు కూడా ఎత్తే. అరవై అడుగులు. పావు వంతు తీసేయమన్నాను కదా, తీసేయండి.

ఆ షెడ్డు కప్పు కింద, ట్యాంకుల్ని మోసే పెద్ద క్రేను గోడల మీది పట్టాలపై అటూ ఇటూ తిరిగేది. కప్పు దగ్గర దీపాలు మార్చాలన్నా, క్రేనుకు గ్రీజు పెట్టాలన్నా మనుషుల్ని పైకి ఎత్తే బండి ఒకటి ఉండేది. కాగితాల్లో దానికి మూరెడు ఇంగ్లీషు పేరు. మేమందరం ఒంటె అనేవాళ్లం. పొడుగు మెడ, బరువు నడక, లేవమంటే ఒక మూలుగు, దిగమంటే ఇంకో మూలుగు.

ఆ మెడ సంగతి ఒక్కసారి చెప్పేస్తాను, తర్వాత విసిగించను. రెండు నిలువు పట్టాలు. మనుషులు నిలబడే ఇనుప బుట్ట ఆ పట్టాల్లో చిన్న చక్రాల మీద జారుతుంది. మధ్యలో నూనె ఒత్తిడితో లేచే లావుపాటి కడ్డీ. కడ్డీ నెత్తిన రెండు గిలకలు, గిలకల మీదుగా రెండు చైన్లు. కడ్డీ లేస్తే చైన్లు బుట్టను పైకి లాగుతాయి. కడ్డీ దిగితే బుట్ట తన బరువుతో తానే దిగాలి. ఆ చైను సైకిలు చైను లాంటిది కాదు. ఇనుప పట్టీల మీద పట్టీలు పేర్చి, అడ్డంగా పిన్నులు గుచ్చిన మొరటు సరుకు. పైనున్న మనిషి ప్రాణం ఆ పిన్నుల మీద ఉంటుంది.

ఆ చైన్లు చూసుకోవడం నా పని. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఒక్కో కీలూ వంచి చూసేవాణ్ణి. ఎక్కడైనా బిగుసుకుందా, ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా, పట్టీ పగిలిందా, పిన్ను తల బయటికొచ్చిందా అని. ఆ తర్వాత టేపు పెట్టి కొలిచేవాణ్ణి. ఎందుకంటే చైను సాగుతుంది. రబ్బరులా కాదు. ప్రతి కీలు దగ్గరా పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది. ఏ ఒక్క కీలు చూసినా తప్పు కనబడదు. మొత్తం కొలిస్తే పొడుగు పెరిగి ఉంటుంది. ఒక హద్దు దాటిందంటే తీసి పారేయాల్సిందే. నా కథలు కూడా అదే పద్ధతిలో సాగుతాయని మా ఆవిడ అంటుంది. ఎక్కడా పెద్ద అబద్ధం ఉండదు, ప్రతి కీలు దగ్గరా కొంచెం.

చప్పుడు విని చైను ఆరోగ్యం చెప్పేస్తానని నాకు ఫ్యాక్టరీలో పేరు. లోపల ఒంటె లేస్తుంటే గేటు దగ్గర నిలబడి, "ఎడమ చైను, నడిమి కీలు, నూనె అడుగుతుంది" అనేవాణ్ణి. పోయి చూస్తే అంతే ఉండేది. జనం నోళ్లు తెరిచేవాళ్లు. ముందురోజు నేను చూసొచ్చిన సంగతి వాళ్లకు చెప్పలేదు, అంతే తేడా.

ఒంటెను నడిపే ఆపరేటరుది పక్కనే ఉన్న ఇంద్రేశం ఊరు. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. బండిని పెళ్లాం కన్నా బాగా చూసుకుంటున్నావని ఎవరైనా ఎగతాళి చేస్తే తడుముకునేవాడు కాదు.

"లెవ్వంటె లేస్తది, దిగంటె దిగుతది. ఇంట్ల ఎవ్వరన్న ఇంటరానే నా మాట?"

అతనికి ఒక్కటే జబ్బు, మెరుపు. బండి తళతళలాడాలి. చైనుకు నూనె లోపల పిన్నుదాకా ఇంకాలి, పైనంతా తుడిచేసి ఉండాలి అని నేను నూరిపోసేవాణ్ణి. అతనికి అది నచ్చేది కాదు.

"గింత మంచి బండికి నల్ల దారం లెక్క గా చైనేందన్నా, దిష్టికి గట్టినట్టు!"

"దానికి గిట్ల రంగు పెడితివో, నూనె లోపటికి పోదు. పగులు వడ్డా కనవడదు. నా కండ్లకు సున్నం గొట్టినట్టే."

"నేనెందుకు పెడతనే" అనేవాడు, చూపు మాత్రం చైను మీదే ఉండేది.

అనుమానం వచ్చి నేను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "చైన్లకు రంగు పూయరాదు" అని రాసి గోడకు కొట్టాను. వారం తిరక్కుండా ఎవరో ఆ మేకుకే గడ్డం గీసుకునే అద్దం తగిలించారు. ఆ తర్వాత నా హెచ్చరిక చదవడానికి వెళ్లినవాళ్లందరికీ వాళ్ల మొహాలే కనబడేవి.

తొంభైల్లో మాకు కొత్త మేనేజరు వచ్చారు. కోస్తా మనిషి. భారీ శరీరం, అంతకన్నా భారీ భక్తి. వచ్చిన కొత్తలో ఒకసారి ఒంటె దగ్గర ఆగి, "ఇది క్షేమమేనా?" అని అడిగారు. క్షేమమే సార్ అంటే సరిపోయేది. నాకు అంత చిన్న జవాబులు చేతకావు.

"నేను పాస్ జేసిన చైనుకు మంచం గట్టుకోని పండుకుంట సార్" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వారు. పెద్దగా నవ్వేవాళ్లు మరిచిపోతారు. చిన్నగా నవ్వేవాళ్లు దాచిపెట్టుకుంటారు.

దసరాకు మా దగ్గర ఆయుధ పూజ అంటే మాటలు కాదు. స్పానరు నుంచి లారీ దాకా ప్రతిదానికీ స్నానం, బొట్టు, పూలు, నిమ్మకాయ. పెద్ద క్రేనుకు కూడా పూజ జరగాలి. అయితే క్రేను కిందికి రాదు. దేవుడు కొండ దిగకపోతే మనమే ఎక్కాలి కాబట్టి, ఫ్యాక్టరీ పెద్ద ఎవరుంటే వాళ్లు పూజ పళ్లెం పట్టుకుని పైకి పోయి, క్రేనుకు దండ వేసి, అక్కడే కొబ్బరికాయ కొట్టి రావడం ఆచారం. గోడ వెంట, పెద్ద స్తంభం వెనక నుంచి, క్రేను మీదికి ఇనుప మెట్ల నిచ్చెన ఉంది. పాత మేనేజరుకు మోకాళ్ల నొప్పులు. ఆయన ఒకసారి ఒంటె మీద పోయి వచ్చారు. ఇక అప్పటి నుంచి పూజకు ఒంటె మీదే పోవాలి అన్నది కూడా శాస్త్రంలో కలిసిపోయింది.

ఆ ఏడు పండుగ ముందురోజు నేను చైన్లు తుడిచాను, కొలిచాను, నూనె పట్టించాను. పాస్ అని చెప్పి సంగారెడ్డి బస్సెక్కాను.

నేను అటు పోగానే రంగుల పని మొదలైంది. పెయింటరు బీహారు నుంచి వచ్చిన మనిషి, సగం పని అంటే ఏమిటో తెలియనివాడు. తెల్లవారుజామున ఆపరేటరు అతనికి ఒంటెను చూపించి, మొత్తం వెండి రంగు కొట్టమన్నాడు. మొత్తం అన్నాడు కాబట్టి అతను మొత్తం కొట్టాడు. పట్టాలు, పట్టాల లోపల బుట్ట చక్రాలు తిరిగే దారి, గిలకలు, చైన్లు, ప్రతి కీలూ. నేను మరిచిపోయి వచ్చిన నూనె డబ్బా కూడా వెండిదయింది.

పొద్దున నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఒంటె మెడ పెళ్లికూతురి వడ్డాణంలా మెరుస్తోంది. పెయింటరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"చమక్ రహా హై న, ఉస్తాద్?"

"నా ముఖం చమక్ రహా హై" అన్నాను.

ఆపరేటరు అడ్డం వచ్చాడు. "కోపం జెయ్యకన్నా. ఏడాదికొక్క పండుగ. ఆడిపిల్లకు నగ వెట్టినట్టు వెట్టిచ్చిన."

"నగ గాదు తమ్మీ, ఉరి. కీలన్ని అంటుకుంటయి."

"ఏడ అంటుకున్నయే? ఇప్పుడే పైకి కిందికి తిప్పిన. వెన్న లెక్క జారింది."

"తడి ఉన్నది గాబట్టి జారింది. ఎండినంక సూడు."

"ఎండెదాంక ఎవలాగుతరన్నా? అటు బగారన్నం గూడ దమ్ముకేసిండ్రు."

ఇంతలో మేనేజరుగారు పట్టు పంచె, నుదుట పెద్ద బొట్టుతో వచ్చారు. ఈ బండి ఇయ్యాల మనుషుల్ని ఎత్తద్దు అని చెప్పాను.

"నిన్న నువ్వే కదయ్యా పాస్ చేశావు?"

"నిన్న చైను కనవడ్డది సార్. ఇయ్యాల రంగు కనవడుతుంది."

"రంగు వేస్తే ఇనుముకు బలం తగ్గుతుందా?"

"బలం తగ్గదు సార్. వంగుడు తగ్గుతది. అటు నిచ్చెన ఉన్నది గద సార్, నిచ్చెన మీదికెల్లి పోదాం."

ఆయన నిచ్చెన వైపు చూశారు. తర్వాత తన పొట్ట వైపు, ఆ తర్వాత పంచె వైపు చూసుకున్నారు. "పంచె కట్టుకుని నిచ్చెనెక్కితే కింద నిలబడ్డవాళ్లకు ఏ దేవుడి దర్శనం అవుతుందయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది, అదే నా పొరపాటు. ఆయన వెంటనే నా వైపు తిరిగి, ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్నది బయటికి తీశారు.

"పాస్ చేసిన చైనుకు మంచం కట్టుకుని పడుకుంటానన్నావు. మంచం వద్దులే. నా పక్కన నిలబడు, చాలు."

పక్కనే ఉంటే చైన్ల మీద ఒక కన్ను వేసి ఉంచవచ్చు, అందుకే ఎక్కానని నేను చాలామందికి చెప్పాను. అసలు సంగతి అది కాదు. ఫ్యాక్టరీ మొత్తం పళ్లు బయటపెట్టి నా వంకే చూస్తోంది. ఆ బుట్టలోకి నాకన్నా ముందు నా పరువు ఎక్కి కూర్చుంది.

ఎక్కడం బాగానే ఎక్కాం. ఒంటె ఎప్పటిలాగే మూలిగి మమ్మల్ని క్రేను పక్కన నిలబెట్టింది. మేనేజరుగారు క్రేనుకు గుమ్మడిదల నుంచి తెప్పించిన బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. అయిపోయిందనుకుని నేను కిందికి చెయ్యి ఊపబోతే, ఆయన బొడ్లోంచి చిన్న పుస్తకం తీశారు. అమ్మవారి నూట ఎనిమిది నామాలు. ఒక్కో నామానికి ఒక్కో పూరేక. ఆయన తొందరపడే భక్తుడు కాదు. కప్పు రేకుల వేడి నెత్తిని మాడుస్తోంది. నేను చెయ్యి చాపి చైను మీద వేలు పెట్టాను. పొద్దున తడిగా ఉన్న రంగు ఇప్పుడు వేలిని పట్టుకుంది. కొన్ని నామాలయ్యాక మళ్లీ పెట్టాను. ఈసారి వేలు లాక్కోవాల్సి వచ్చింది. పైన నామం నామానికీ పుణ్యం పెరుగుతోంది, పక్కన నామం నామానికీ రంగు ఆరుతోంది.

చివరికి పుస్తకం మూసి ఆయన సరే అన్నారు. నేను చెయ్యి ఊపాను. కింద ఆపరేటరు లివరు లాగాడు.

కొంచెం దిగామో లేదో, బుట్ట ఆగింది. కడ్డీ మాత్రం దిగుతూనే ఉంది.

పట్టాల లోపలి రంగు బుట్ట చక్రాలను పట్టేసింది. మా పక్కనున్న చైను ముందు వదులైంది, తర్వాత చిన్నగా పొట్ట వేసింది. అంటే ఇప్పుడు మమ్మల్ని మోస్తున్నది చైను కాదు, ఎండీ ఎండని వెండి రంగు. అది వదిలిందా, చైను ఎంత వదులైందో అంత లోతుకు రాయిలా పడతాం. ఆ కుదుపుకు చైను తెగినా తెగుతుంది. తెగకపోయినా బుట్ట అంచు మీంచి మేం బయటికి ఎగిరిపోతాం. కింద ఆపరేటరు లివరు లాగిన కొద్దీ ఆ పొట్ట పెరుగుతోంది.

"ఆగిందేమిటయ్యా?"

"అంటుకున్నది సార్."

"ఒక్కసారి గట్టిగా ఎగిరితే?" అంటూ ఆయన పంచె ఎత్తి పట్టుకున్నారు.

"సార్! మీ కాల్మొక్త సార్, దమ్ము గూడ మెల్లగ తీస్కోండ్రి."

నేను చైను పొట్టను చూపించాను. ఆయనకు అర్థమయింది. ఇంజనీరే కదా.

"ఇప్పుడేం చేయాలి?"

"పైకి పోవాలె సార్."

"దిగాలంటే పైకి పోవడమేమిటయ్యా! వేదాంతమా?"

"చైను సార్, చైను! కడ్డీ మల్ల లేస్తె చైను బిగుస్తది. బిగిసినంక మనం చైను మీద ఉంటం. ఇప్పుడు రంగు మీద ఉన్నం."

ఇక ఇద్దరం కలిసి లేపు, లేపు అని అరవడం మొదలుపెట్టాం. కింద మైకుసెట్టులో అమ్మవారి పాటలు, దాని మీద పోటీగా డప్పులు. మా అరుపులు మా బుట్ట కూడా దాటలేదు. ఆపరేటరు తల ఎత్తితే కదా? బుట్ట ఎందుకు దిగడం లేదా అని లివరునే చూస్తూ దాన్ని ఇంకా లాగుతున్నాడు. మిగతా జనం, మేనేజరుగారు దర్శనం ఇవ్వడానికి మధ్యలో ఆగారనుకుని, చేతులు జోడించి నిలబడ్డారు.

పూజ పళ్లెంలో ఉన్నదేదైనా కిందికి విసిరితే గాని చూపు ఇటు తిరగదనుకున్నాను. గుప్పెడు పూలు విసిరాను. ఏరుకుని కళ్లకద్దుకున్నారు. అరటిపండు విసిరాను. పెయింటరు పట్టుకుని, తొక్క తీసి తిన్నాడు. నిమ్మకాయ విసిరాను. ఈసారి గురి తప్పలేదు, నేరుగా ఆపరేటరు కాళ్ల దగ్గర పడింది. అతను దాన్ని భక్తిగా తీసి, పైకి చూడకుండానే దండం పెట్టి, ఒంటె చక్రం కింద పెట్టాడు.

ఇక మిగిలినవి కొబ్బరిచిప్పలు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ప్రసాదం విసరకూడదయ్యా, అపచారం!"

"సార్, జెరసేపయితె మనమే ప్రసాదమైతం."

ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత నా చేతిలో ఉన్నది తీసి పళ్లెంలో పెట్టి, రెండోదాన్ని అందించారు. "ఇది బరువుంది" అన్నారు.

ఈ కథ విన్నవాళ్లందరికీ నేను వంట డేక్షా మూతకు గురిపెట్టానని చెప్పాను. ఆకలి మీదున్న జనం చెవులు ఎక్కడుంటాయో నాకు తెలుసని కూడా చెప్పాను. నిజానికి నేను గురిపెట్టింది మైకుసెట్టు పెట్టెకు. అది దానికి చాలా దూరంగా పోయి, బగారన్నం డేక్షా మూత మీద గుడి గంటలా ఖంగున మోగింది.

వంటాయన గరిటె పట్టుకుని లేచాడు.

"ఎవడ్రా వాడు! దమ్మింక ఇప్పనే లేదు, పైకెల్లి రాళ్లేస్తుండు!"

అన్నం ప్రమాదంలో పడిందన్న వార్త మైకు కన్నా వేగంగా పాకింది. డప్పులు ఆగాయి. వంటాయన కోపంతో మైకు వైరు కూడా పీకేశాడు. షెడ్డులో అంతటి నిశ్శబ్దం నేను అప్పటిదాకా వినలేదు.

"లేపురా!" అని అరిచాను.

"దిగాలె గదనే, లేపుడేంది?"

"నీ ఒంటె మెడ సూడు! చైను పొట్ట సూడు!"

అతను తల ఎత్తాడు. చూశాడు. అతని మొహం కూడా ఆ చైను రంగులోకి తిరిగింది. అయితే ఒకటి చెప్పాలి. ఆ తర్వాత అతను చేసిన పని నా సర్వీసులో ఇంకెవరూ చేయగా చూడలేదు. భయపడి లివరు గుంజేస్తే మేం పోయేవాళ్లం. అతను చంటిపిల్ల కింద చెయ్యి పెట్టి లేపినట్టు, కడ్డీని కొంచెం కొంచెంగా లేపాడు. చైను పొట్ట తగ్గింది, గీతలా అయింది, బిగిసింది. పట్టాల్లో ఫట్టుమని ఒక చప్పుడు. బుట్ట వదిలి పైకి కదిలింది.

మళ్లీ క్రేను పక్కకు చేరాం. "ఇగ దాన్ని ముట్టకు" అని కిందికి అరిచి, బుట్టలోంచి క్రేను మీదికి దాటాం. పళ్లెం బుట్టలోనే ఉండిపోయింది. అక్కడి నుంచి నిచ్చెన మీదుగా మేనేజరుగారిని నేను దింపాను. ఆయన కాలు పట్టుకుని ఒక్కో మెట్టు మీదా పెట్టిస్తూ, ధైర్యం చెబుతూ, పిల్లాణ్ణి దింపినట్టు దింపాను.

మేం ఇంకా నిచ్చెన మీద ఉండగానే ఆపరేటరుకు మళ్లీ చెయ్యి దురద పెట్టింది. మనుషులు దిగిపోయారు, పూజ బండి ఒంటరిగా పైన వేలాడటం మంచిది కాదనుకున్నాడట. లివరు లాగాడు. బుట్ట దిగింది, అదే చోట ఆగింది. ఈసారి రంగు వదిలేసింది. ఒక నిలువెత్తు లోతుకు పడి, చైన్ల మీద ఫెళ్లుమని ఆగింది బుట్ట. పళ్లెం ఎగిరి కింద పడింది. కుంకుమ ఎర్రటి మబ్బులా లేచింది. మేం నిలబడిన చోటనే బుట్ట అడుగు రేకు నట్టులూడి వేలాడింది.

చైన్లు తెగలేదు. ఆ మాట నేను అన్నం బంతిలో మేనేజరుగారి పక్కన కూర్చుని చెప్పాను కూడా. "సూసిండ్రా సార్, నేను పాస్ జేసిన చైను తెగలే."

ఆయన మటన్ ముక్క పక్కకు పెట్టి నా వైపు చూశారు. "మంచం తెప్పించమంటావా?"

ఆ చైన్లు మర్నాడే విప్పించాం. చైను ఒక కొస పట్టుకుని ఎత్తితే తాడులా వేలాడాలి. ఆ చైను కర్రలా నిలబడింది. మేనేజరుగారు దాన్ని రెండు చేతులా వంచి చూసి, వంగకపోతే నాకిచ్చేశారు. ఆపరేటరు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, సిగ్గుతో. తర్వాత ఒకరోజు తనే టీ తెచ్చి, "గా రంగు నన్ను గూడ నిద్ర పోనిస్తలేదన్నా" అన్నాడు.

మరుసటి దసరాకు మేనేజరుగారు కొత్త ఆచారం పెట్టారు. అన్ని పూజలకన్నా ముందు ఒంటె చైన్లకు నూనె. ఆయనే కుంచె పట్టుకుని కీలు కీలుకూ నూనె పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, అప్పుడు కిందనున్న రేకుకు మాత్రం బొట్టు పెట్టారు. క్రేను దగ్గరికి నిచ్చెన ఎక్కి పోయారు, ప్యాంటు వేసుకుని. నేను ఏళ్ల తరబడి నోరు నొప్పి పుట్టేలా చెప్పినా ఎవరూ వినని ముచ్చట, అదే పూజగా మారేసరికి ఎవరూ తప్పలేదు. ఆపరేటరైతే దానికి పూజారే అయిపోయాడు. కొత్తగా వచ్చిన పెయింటర్లను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "చైనుకు రంగేందయ్యా! అమ్మవారికి కోపమొస్తది. నూనె తప్ప ఏది ముట్టదు" అనేవాడు. నా అట్ట మీది అద్దం మాత్రం అక్కడే ఉండిపోయింది.

నేను రిటైరయిన రోజు సభకు ఆ మేనేజరుగారు ఎక్కడి నుంచో వచ్చారు. అప్పటికి వేరే కంపెనీకి మారారు, జుట్టు మొత్తం పోయింది. మైకు పట్టుకుని ఆ దసరా కథ చెప్పారు. "నిచ్చెన మీద నా కాళ్లు కదల్లేదు. ఈయన నా కాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు. లేకపోతే నేనిక్కడ లేను" అన్నారు. చప్పట్లు మోగాయి. మా ఆవిడ కూడా నా వైపు తిరిగి మొదటిసారి సగం తీసేయకుండా చూసింది. నేను తల దించుకుని లడ్డూ తిన్నాను. వినయం అనుకున్నారు.

ఇక ఇక్కడ టేపు పెట్టి కొలవండి.

క్రేను మీదికి దాటాక ముందు నిచ్చెన దిగడం మొదలుపెట్టింది ఆయన. ఆయన వెనక నేను దిగాలి. నా కాలు మొదటి మెట్టు మీద పెట్టానో లేదో, బుట్ట పడింది. కాసేపటి క్రితం మేం నిలబడిన రేకు నా కళ్లముందు ఊడి వేలాడింది. నా చేతులు నిచ్చెన కమ్మీని పట్టుకున్నాయి. వదలమంటే వదల్లేదు. మోకాలు వంచమంటే వంగలేదు. ఒంట్లో ప్రతి కీలూ రంగు పూసినట్టు బిగుసుకుపోయింది. కింద అందరూ పడిపోయిన బుట్ట చుట్టూ మూగారు. స్తంభం వెనక నిచ్చెన మీద ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు.

అప్పటికి సగం పైనే దిగిన మనిషి, అంత శరీరంతో, పట్టు పంచెను కచ్చ బిగించి, మళ్లీ పైకెక్కి వచ్చారు. నా చీలమండ పట్టుకున్నారు.

"కిందికి చూడకు. ఇదిగో, ఇక్కడ మెట్టుంది. పెట్టు. ఆ, ఇంకొకటి. చైను గురించి ఏదైనా చెబుతూ ఉండు, నేను వింటాను."

చెబుతూ దిగాను. పిన్నులు ఎలా అరుగుతాయో, నూనె ఎక్కడిదాకా ఇంకాలో, అన్నీ. ఆయన ఊ కొడుతూ ఒక్కో మెట్టూ నా పాదానికి వెతికి ఇచ్చారు. నేల తగిలాక, "సార్, ఇది బయట..." అని మొదలుపెట్టాను, మాట పూర్తి కాలేదు.

"ఎలా చెప్పమంటావో నువ్వే చెప్పవయ్యా" అన్నారు. "నేను అలాగే చెబుతాను."

చెప్పాను. ఆయన అలాగే చెప్పారు, చివరిదాకా.

నా చీలమండ మీద ఉన్నంతసేపూ ఆయన చెయ్యి కూడా వణుకుతూనే ఉంది. అయినా ఒక్క మెట్టు కూడా తప్పు చూపించలేదు. ఇందులోంచి పావు వంతు తీసేయకండి.